4 కోట్ల పాటలు... వినేదెవరు?

2011 జూన్ 9న గూగుల్ మొదటి పేజీలో లోగో ఉండాల్సిన చోట ఒక గిటారు ప్రత్యక్షమైంది. మౌసు తీగల మీదుగా పోనిస్తే చాలు, మోగేది. లెస్ పాల్ అనే అమెరికన్ గిటారు విద్వాంసుడి 96వ జయంతి సందర్భంగా చేసిన డూడుల్ అది. జనం ఊపు చూసి రెండో రోజు కూడా ఉంచేశారు. తర్వాత గూగుల్ వాళ్ళే లెక్క చెప్పారు. 48 గంటల్లో, ఒక్క అమెరికాలోనే, జనం రికార్డు చేసిన పాటలు 4 కోట్లు! వరసపెట్టి వినాలంటే 5.1 సంవత్సరాలు పడుతుందట.

ఇంతవరకూ బానే ఉంది. అదే లెక్కలో ఇంకో అంకె కూడా ఉంది. ఆ పాటల్ని తిరిగి మోగించి విన్నది 8 లక్షల 70 వేల సార్లు. అంటే వంద పాటలు కడితే, విన్నది రెండు సార్లు. మిగతా తొంభై ఎనిమిదీ వాయించినవాడి చెవిలో పుట్టి అక్కడే పోయాయన్నమాట.

ఈ రెండో అంకె చూసిన దగ్గర్నుంచీ నాకో అనుమానం పట్టుకుంది. బ్రౌజరులో సంగీతం కట్టే ఆటల చరిత్ర మొత్తం ఇదేనేమో అని. వాయించడం ఎంత తేలికైపోతుంటే, వినడం అంత తగ్గిపోతూ వచ్చింది. నలుగురు స్నేహితులు కలిసి ఒకే తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఎందుకు తిరగబడుతుందో చెప్పాలనే ఈ టపా.

ఈ ఆటల సంగతి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. ఇన్‌స్టాల్ చేసుకునేది ఏమీ ఉండదు. ఒక ట్యాబ్ తెరిస్తే కొన్ని బొమ్మలో, గళ్ళో కనిపిస్తాయి. నొక్కితేనో, లాగి వదిలితేనో శబ్దం వస్తుంది, అది తాళంలో తిరుగుతూ ఉంటుంది. ఇంకోటి కలిపితే అది కూడా మొదటిదానితో కుదిరిపోతుంది. సరిగమలు రానక్కర్లేదు, ఓడిపోవడమంటూ ఉండదు, స్కోరు కూడా ఉండదు. మధ్యాహ్నం భోజనమయ్యాక బిల్డు పూర్తయ్యేలోపు ఆడుకునే బాపతు.

మళ్ళీ లెస్ పాల్ దగ్గరికి వద్దాం. ఆయన పేరు గిటారుకే ఎక్కువ గుర్తుండిపోయింది గానీ, మన కథకి ఆయన చేసిన ఇంకో పని ముఖ్యం. 1948లో 'లవర్' అనే రికార్డు విడుదల చేశాడు. అందులో ఎనిమిది గిటార్లు వినిపిస్తాయి. వాయించింది మాత్రం ఆయనొక్కడే. ఒకటి వాయించి రికార్డు చేసి, దాన్ని వింటూ రెండోది వాయించి, ఆ రెంటినీ కలిపి మూడోది... అలా. అప్పటిదాకా ఎనిమిది గిటార్లంటే ఎనిమిది మంది మనుషులు. వాళ్ళకి టైము కుదరాలి, వాళ్ళలో వాళ్ళకి పడాలి :) ఆ బెడద లేకుండా ఒక మనిషి తనతో తనే కచేరీ చేసుకోవచ్చని ఆయన చూపించాడు. ఇవాళ మనం బ్రౌజరులో చేస్తున్నది అదే పని. మనకి గిటారు కూడా రానక్కర్లేదు, అదొక్కటే తేడా.

ఇప్పుడు మన హైటెక్ సిటీకి వద్దాం. సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఇది అందరికీ తెలిసిన విషయమే. దానికి కూతవేటు దూరంలో ఉన్న శిల్పారామం అంతకన్నా ఆరేళ్ళు పెద్దది, 1992 నాటిది. అంటే మాదాపూరుకి సాఫ్టువేరు రాకముందే జానపదం వచ్చి కూర్చుందన్నమాట. పండగ రోజుల్లో అక్కడ కోలాటమో, చెక్కభజనో కనబడితే, మెడలో కంపెనీ ట్యాగు వేసుకున్నవాళ్ళు ఓ ఐదు నిమిషాలు నిలబడి, ఫోనుతో వీడియో తీసుకుని వెళ్ళిపోతారు. నేనూ అదే చేస్తాను లెండి.

ఒక్కసారి ఇంజనీరు కళ్ళతో ఆ కోలాటం చూడండి. ఇరవై మంది, రెండు వలయాలు, మనిషికో జత కోలలు. వీళ్ళలో సంగీతం నేర్చుకున్నవాళ్ళు చాలాసార్లు ఒక్కరు కూడా ఉండరు. అయినా మొత్తం కలిపి వింటే సంగీతమే. ఎలా కుదిరింది? ఒక్కొక్కరి పని బాగా కుదించేశారు. నీ వంతుకి నీ కోల ఎదుటివాడి కోలకి తగలాలి, అడుగు పక్కకి పడాలి, అంతే. ఇన్‌పుట్ ఎంత చిన్నదైతే తప్పులు అంత తక్కువ. మనవాళ్ళు ఈ సూత్రాన్ని ఎప్పుడో పట్టేశారు. కానీ తప్పుని పూర్తిగా తీసెయ్యలేదు. లయ తప్పితే కోల గాల్లోకి పోతుంది. ఇంకాస్త తప్పితే ఎదుటివాడి వేలికి తగులుతుంది. కాబట్టి చచ్చినట్టు ఎదుటివాణ్ణి చూడాలి, వినాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా మనకి ఇంకో సంప్రదాయం ఉంది. సంగీతం అంటే వచ్చినవాళ్ళు పాడాలి, రానివాళ్ళు వినాలి. 1996లో ఈటీవీలో బాలుగారి 'పాడుతా తీయగా' మొదలయ్యాక తెలుగిళ్ళలో ఇది ఇంకా బలపడిందని నాకనిపిస్తుంది. అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, టైఫాయిడ్ రావడంతో మానేసిన మనిషి మన పాటకి ఇంత చేశాడంటే మనలాంటివాళ్ళకి ఎక్కడో గర్వంగానే ఉంటుంది. ఆయన పిల్లల తప్పుల్ని ఎంత మెత్తగా దిద్దేవారో కూడా చూశాం. కానీ అది చూస్తూ పెరిగిన మనలో చాలామందికి ఒకటి మాత్రం గట్టిగా నాటుకుంది. పాటలో తప్పు ఉంటుంది, దాన్ని పట్టుకునేవాళ్ళు ఉంటారు, రాకపోతే నోరు మూసుకుని కూర్చోవడమే మర్యాద.

ఇక 2009. ఆ ఒక్క సంవత్సరంలో మన కథకి సంబంధించి మూడు సంగతులు జరిగాయి.

ఒకటి. ఆండ్రే మిషెల్ అనే ప్రోగ్రామరు 'టోన్‌మేట్రిక్స్' అనే చిన్న ఫ్లాష్ బొమ్మ పెట్టాడు. అడ్డంగా 16, నిలువుగా 16 గళ్ళు. గడి నొక్కితే వెలుగుతుంది, ఎడమ నుంచి కుడికి వరసగా మోగుతూ పోతుంది. కళ్ళు మూసుకుని ఏ గళ్ళు నొక్కినా వినసొంపుగానే ఉంటుంది. ఇందులో మాయ ఏమీ లేదు. దానికి ఐదు స్వరాల స్కేలు మాత్రమే ఇచ్చాడు. మన మోహన రాగం ఆ కుటుంబంలోదే: స రి గ ప ద. మధ్యమం, నిషాదం తీసేస్తే పక్కపక్కనే ఆనుకుని ఉండే స్వరాల జతలు పోతాయి. ఒకేసారి మోగినప్పుడు చెవికి గరగరగా తగిలేవి ఆ జతలే. అవి లేకపోతే ఏది దేనితో కలిసినా గొడవ రాదు. మన భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ వాలిడేషన్ అన్నమాట. తప్పు స్వరం నొక్కాలన్నా మీట ఉండదు.

రెండు. ఫ్రాన్సులో 'సో ఫార్ సో గుడ్' అనే చిన్న బృందం 'ఇన్‌క్రెడిబాక్స్' మొదటి వెర్షను విడుదల చేసింది. వరసగా నిలబడ్డ కుర్రాళ్ళ బొమ్మలు. కింద గుర్తులుంటాయి: బీట్లు, ఎఫెక్టులు, మెలొడీలు, గొంతులు. ఒక గుర్తు లాగి ఒక కుర్రాడి మీద వేస్తే, వాడు వేషం మార్చుకుని నోటితో ఆ శబ్దం మొదలెడతాడు. తర్వాత వచ్చిన వెర్షన్లలో మనుషులు ఏడుగురు, గుర్తులు 20. అన్నీ ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో ముందే రికార్డు చేసినవి. పైగా మీరు ఎప్పుడు వేసినా వెంటనే మొదలవ్వదు, తర్వాతి ఆవర్తం వచ్చేదాకా ఆగుతుంది. శ్రుతి తప్పడానికీ లేదు, తాళం తప్పడానికీ లేదు.

మూడు. ఇది మన హైదరాబాదుది. 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్సులో లక్షగళార్చన జరిగింది. లక్షా అరవై వేల మంది కలిసి అన్నమయ్య సప్తగిరి సంకీర్తనలు పాడారు. గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. చేయించింది సిలికానాంధ్ర, అంటే కాలిఫోర్నియాలో కంప్యూటర్ల మధ్య బతుకుతున్న మన తెలుగువాళ్ళే. ఈ విషయం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. అక్కడ ఫ్రాన్సులో ఒక్కడు ఎన్నో గొంతులతో పాడించే బొమ్మ తయారైంది. ఇక్కడ లక్షా అరవై వేల గొంతులు ఏడు కీర్తనలు పాడాయి. ఒకే ఏడాది! రెండింటికీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. రెండూ సంగీతం రానివాడికి కూడా చోటిచ్చినవే.

ఈ మూడు జరిగినప్పుడు నాకు పన్నెండేళ్ళు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన ఆటల్లో కార్లు, తుపాకులే తప్ప ఇవేవీ లేవు. నాకు తెలిసింది చాలా తర్వాత, ఉద్యోగంలో చేరాక. ఆపాటికి వీటి కింద నేల సగం కదిలిపోయింది.

ఆ నేల పేరు ఫ్లాష్. ప్రోగ్రాము అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టించే శబ్దానికి 2008లో వచ్చిన ఫ్లాష్ ప్లేయరు 10 సరైన దారి తెరిచింది. టోన్‌మేట్రిక్స్ లాంటివి దాని పుణ్యమే. లెస్ పాల్ డూడుల్లో కూడా తీగలు గీసింది హెచ్‌టీఎంఎల్5 కాన్వాసే గానీ, శబ్దం మాత్రం ఫ్లాష్‌దే. అప్పటికే 2010లో స్టీవ్ జాబ్స్ ఫ్లాష్ మా ఫోన్లలోకి రాదని బహిరంగంగా రాసేశాడు. 2017లో అడోబీ చేతులెత్తేసింది. 2020 డిసెంబరు 31తో సపోర్టు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే తనలో ఏదీ ఆడకుండా అడ్డుకోవడం మొదలెట్టింది. దాని బదులుగా వచ్చిన వెబ్ ఆడియో ఏపీఐ 2011 నుంచీ క్రోమ్‌లో ఉన్నా, వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దానికి పూర్తి ప్రమాణంగా ముద్ర వేసింది 2021 జూన్ 17న. పాత ఇల్లు కూలగొట్టిన ఐదు నెలలకి కొత్త ఇంటికి రిజిస్ట్రేషన్ అయిందన్నమాట. మధ్యలో ఎన్ని చిన్న చిన్న బొమ్మలు మాయమయ్యాయో! కొన్నిటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాళ్ళు ఎమ్యులేటరుతో కాపాడారు. అయితే బొమ్మని కాపాడొచ్చు గానీ, దాని చుట్టూ కూర్చుని ఆడిన నలుగుర్ని ఏ ఎమ్యులేటరూ తీసుకురాలేదు కదా.

ఆ నలుగురి సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

2019 చివర్లో, మాదాపూరులో నేను చేరిన ఆఫీసులో మా టీము ఆరుగురం. శుక్రవారం సాయంత్రం క్యాబు వచ్చేలోపు అరగంట ఖాళీ. ఎవరో ఇన్‌క్రెడిబాక్స్ తెరిచారు. 2018లో వచ్చిన ఏడో వెర్షను, పేరు 'జీవన్'. పేరుకి తగ్గట్టే మన దేశపు సంగీతం వాసన ఉన్నది. ఫ్రెంచి వాళ్ళు చేసిన హిందుస్తానీ ఎలా ఉందో చూద్దామని అందరం మూగాం.

మొదటి రెండు వారాలూ గూగుల్ డూడుల్ కథే. మౌసు ఎవరి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం. ఏడుగురు బొమ్మల్నీ ఒకేసారి నింపేయడం, రికార్డు చెయ్యడం, గ్రూపులో లంకె పడెయ్యడం. ఆ లంకెలు ఎవరూ నొక్కలేదని వేరే చెప్పాలా?

మూడో వారం సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒకతను, అప్పటిదాకా వెనక నిలబడి చూస్తున్నవాడు, ఇక ఉండబట్టలేక అన్నాడు. "అన్నా, అన్నీ ఒక్కసారే వెడితే ఎట్ల? కొన్ని తీసెయ్. ఇనబడాలె గదా." వాళ్ళ ఊళ్ళో చిరుతల భజన ఉండేదట, చిన్నప్పుడు రాత్రుళ్ళు వెళ్ళి చిరుతలు పట్టుకుని ఆడేవాడట. ఆ రోజు అతను పెట్టిన షరతు ఇదీ: ఒక్కొక్కరికి ఒక్క బొమ్మ. మన వంతు వచ్చినప్పుడు ఒక శబ్దం వెయ్యొచ్చు, లేదా తీసెయ్యొచ్చు. వేసే ముందు కనీసం రెండు ఆవర్తాలు ఊరికే వినాలి.

అంతే, ఆట మారిపోయింది. అదివరకు ఏది నొక్కినా బానే ఉండేది కాబట్టి ఏది నొక్కుతున్నామో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు వంతు ఒకటే. నేను గొంతు వేస్తే ఇంకొకరి మెలొడీ కింద పడిపోతుంది. తీసేస్తే అది పైకి తేలుతుంది. "నువ్వు తీసెయ్, ఆ వేణువు బావుంది" అని ఒకరు, "వద్దురా, ఇంకో రౌండు ఉంచు" అని ఇంకొకరు. సాఫ్టువేరు తప్పు జరగకుండా చూసుకుంటోంది. కుదిరిందా లేదా అన్నది మాత్రం మేమే వినుకుని తేల్చుకోవాలి.

మా టీములోనే ఒంగోలు కుర్రాడు ఒకడుండేవాడు. తన వంతు పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఒకసారి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. "నాలుగో క్లాసులో ప్రేయరు పాడేప్పుడు మా టీచరు, నువ్వు పాడమాకు, ఊరికే పెదాలు కదుపు చాలు అందిరా. అప్పట్నుంచీ నేను బాత్రూములో కూడా పాళ్ళా." నవ్వుతూనే చెప్పాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఇలాంటివాళ్ళు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో అనిపించింది. పదిహేనేళ్ళపాటు పెదాలు కదుపుతూ బతికినవాడు!

అతన్ని ఎవరూ బతిమాలలేదు. ఓ నెల పోయాక తనంతట తనే ఒక బీటు వేశాడు. అది నచ్చి ఎవరూ తీసెయ్యలేదు. తర్వాతి వారాల్లో ఆ లూపు మోగుతుంటే బల్ల మీద వేళ్ళతో దరువు వెయ్యడం మొదలెట్టాడు. ఆ దరువు ఆటలో లేనిది, అతను కలిపినది. ఇంకొన్నాళ్ళకి చిన్నగా కూనిరాగం కూడా. శ్రుతి కాస్త అటూ ఇటూ. సిద్దిపేట అతను ఏమీ అనలేదు, ఆ రాగానికి అడ్డొస్తున్న రెండు బొమ్మల్ని మాత్రం ఆపేశాడు. ఆ ఆట వల్ల జరిగిన మంచి ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే.

ఆ తర్వాత 2020 మార్చి. లాక్‌డౌన్. మైండ్‌స్పేసు రోడ్డు మీద మనిషి లేడు. మా ఆరుగురిలో ఇద్దరు కొండాపూరు హాస్టళ్ళు ఖాళీ చేసి ఊళ్ళకి పోయి, మేడ మీద ఫోను హాట్‌స్పాటు పెట్టుకుని పని చేశారు. ఒకరు ఆన్‌సైటు, న్యూజెర్సీలో ఇరుక్కుపోయారు. శుక్రవారం ఆట కాల్‌లో ఆడదామని కూర్చున్నాం. కలిసి చప్పట్లు కొడితే ఆరు దిక్కుల ఆరు చప్పట్లు. ఆ రోజుల్లో వీడియో కాల్‌లో హ్యాపీ బర్త్‌డే పాడినవాళ్ళందరికీ ఈ బాధ తెలుసు.

దీని వెనక లెక్క సులువే. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. కోలాటంలో ఎదుటివాడు రెండు మీటర్ల దూరంలో ఉంటాడు, చప్పుడు 6 మిల్లీసెకన్లలో చేరుతుంది. హైదరాబాదు నుంచి న్యూజెర్సీ దాదాపు 13,000 కిలోమీటర్లు. ఫైబరులో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, తీగ తిన్నగా ఉందనుకున్నా ఒకవైపుకే 65 మిల్లీసెకన్లు. నిజానికి కేబుళ్ళు సముద్రాలు చుట్టి వస్తాయి, మధ్యలో రౌటర్లు, ఆడియో బఫర్లు... ఇంకా చాలా ఎక్కువ అవుతుంది. స్టాన్‌ఫర్డులో క్రిస్ చేఫ్ బృందం మనుషుల్ని వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, మధ్యలో ఆలస్యం మారుస్తూ చప్పట్లు కొట్టించి చూసింది. ఆలస్యం 11 మిల్లీసెకన్ల దాపుల్లో ఉంటే లయ నిలకడగా ఉంటుంది. పెరిగేకొద్దీ ఒకరి కోసం ఒకరు ఆగుతూ వేగం పడిపోతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆలస్యం మరీ తక్కువైతే వేగం పెరిగిపోతుందట! కాబట్టి న్యూజెర్సీవాడితో కోలాటం కుదరదు. ఏ కంపెనీ ఎంత బ్యాండ్‌విడ్తు అమ్మినా కాంతి వేగం మారదు.

మరి దూరంగా ఉన్నవాళ్ళు కలిసి వాయించేదెలా? దీనికి జవాబులు అప్పటికే ఉన్నాయి. విన్‌యాంప్ గుర్తుందిగా? దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ 2005లో నింజామ్ అనే సాఫ్టువేరు తెచ్చాడు. ఆలస్యాన్ని తగ్గించే ప్రయత్నం మానేసి, దాన్ని ఒక పూర్తి ఆవర్తం దాకా పెంచేశాడు. మీరు ఇప్పుడు వాయించేది, మిగతావాళ్ళు పోయిన ఆవర్తంలో వాయించినదానితో కలుస్తుంది. ఎంత తెలివైన పని! 2011లో స్వీడన్‌కి చెందిన డైనామో వాళ్ళు 'ప్లింక్' అని బ్రౌజరులోనే ముక్కూమొహం తెలియనివాళ్ళు కలిసి వాయించే బొమ్మ చేశారు. మీరెప్పుడు నొక్కినా స్వరం తాళం దెబ్బకే మోగుతుంది, కాబట్టి చిన్న చిన్న ఆలస్యాలు బయటికి కనపడవు. 2020లో క్రోమ్ మ్యూజిక్ ల్యాబు వాళ్ళు పది మంది దాకా ఒకే లంకెతో చేరే 'షేర్డ్ పియానో' ఇచ్చారు.

వీటిలో మా టీముకి పనికొచ్చింది మాత్రం మన పాత పద్ధతే. నింజామ్ గురించి చదివి నేను గ్రూపులో చెబితే సిద్దిపేట అతను, "గది భజననే గదా అన్నా" అన్నాడు. నిజమే. భజనలో ముందు ఒకరు చరణం అందుకుంటారు, అది అయ్యాక మిగతా అందరూ అందుకుంటారు. ఎవరూ ఎవరితో మిల్లీసెకను కుదరనక్కర్లేదు. అవతలివాడు పూర్తి చేసేదాకా విని, ఆ తర్వాత అందుకోవాలి. కోలాటం ఒకే చోట ఉన్నవాళ్ళది. భజన దూరాన్ని తట్టుకుంటుంది. మేము కూడా అలాగే చేశాం. తెర ఒకరు పంచుకోవడం, వంతుల ప్రకారం "నాది వెయ్", "నాది తీసెయ్" అని చెప్పడం, మధ్యలో మిగతా ఐదుగురూ మైకు ఆపుకుని వినడం. ఆ ఏప్రిల్, మే నెలల్లో వారం మొత్తం మీద మేము ఒకరి మాట ఒకరం పూర్తిగా విన్న అరగంట అదేనేమో. మిగతా కాల్స్‌లో అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు, లేదా మ్యూటులో పెట్టి వేరే పని చూసుకునేవాళ్ళు. మీకు తెలియందేముంది :)

ఇప్పుడు మా ఆరుగురూ ఒక చోట లేరు. 2023లో కోతలు పడ్డప్పుడు ఇద్దరి ఉద్యోగాలు పోయాయి, ఇంకో ఇద్దరు కంపెనీ మారారు. ఒంగోలు కుర్రాడు బెంగుళూరులో ఉన్నాడు. రాత్రి పూట కూతురికి జోల పాడతాడని వాళ్ళావిడ చెబితే విన్నాం.

ఆటలు మాత్రం ఆగలేదు. 2024లో ఇన్‌క్రెడిబాక్స్‌ని ఆధారం చేసుకుని అభిమానులు చేసిన 'స్ప్రంకీ' పిల్లల్లో విపరీతంగా పాకింది. నల్లగండ్లలో మా అక్కావాళ్ళ అపార్టుమెంటు పిల్లలు ఒకే ట్యాబ్లెట్ చుట్టూ నలుగురు మూగి, "నాది తియ్యకే!" అని కొట్టుకుంటుంటే మా అక్క విసుక్కుంటుంది. నాకైతే ఆ కొట్లాట ముచ్చటగానే ఉంటుంది. తనది తీసేస్తే తేడా తెలుస్తోందంటే ఆ పిల్ల వింటున్నట్టే కదా.

ఇంకో పక్క 2023 చివరి నుంచి సునో లాంటి ఏఐ పరికరాలు వచ్చాయి. ఒక వాక్యం టైపు చేస్తే గొంతుతో సహా పాట తయారు. ఇక గిటారు అక్కర్లేదు, గళ్ళు నొక్కక్కర్లేదు, లాగి వదలక్కర్లేదు. 1948లో లెస్ పాల్ ఏడుగురు తోటివాళ్ళు లేకుండా పాట కట్టాడు. 2009లో టోన్‌మేట్రిక్స్ వచ్చి స్వరజ్ఞానం అక్కర్లేదంది. ఇప్పుడు అసలు వాయించేవాడే లేడు. లెస్ పాల్ డూడుల్ నాటికి వందకి రెండు సార్లు వినేవాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడెంతో లెక్కపెట్టడానికి కూడా నాకు ధైర్యం చాలదు. నేను వీటికి వ్యతిరేకిని కాను, రోజూ వాటితోనే నా పని. కానీ తప్పు రాకుండా చూడటం వరకే యంత్రం వల్ల అవుతుంది. పక్కవాడి కోసం మన శబ్దం కాసేపు ఆపడం దానికి ఎవరూ నేర్పలేదు, మనం దాన్ని అడగనూ లేదు.

అందుకని ఒక చిన్న మాట. ఈ శుక్రవారం మీ టీములో ఎవరైనా ఇలాంటి బొమ్మ తెరిస్తే, మౌసు ఒకరి దగ్గరే ఉండనివ్వకండి. తలా ఒక వంతు, తలా ఒక శబ్దం, వేసే ముందు రెండు ఆవర్తాలు వినడం. రికార్డు బటను నొక్కకపోయినా పర్లేదు. వెనక నిలబడి "నాకు రాదులే" అనే మనిషి ఒకరు ఉంటారు చూడండి, ప్రతి టీములోనూ ఉంటారు. ఆ వంతు ఎవరికీ ఇచ్చెయ్యకుండా ఖాళీగా ఉంచండి.